పోపులో చిటికెడు నుంచి పళ్లెంలో గ్రాముల దాకా: మా ఇంటి మెంతుల డైరీ

మెంతులు మా ఇంటికి కొత్త సరుకేం కాదు. పోపులో, దోసెల పప్పులో, ఆవకాయలో, పులిహోరలో ఎప్పుడూ ఉన్నవే. అవి షుగర్‌కు మంచివన్న మాట కూడా చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ మాటను వంటింట్లో తూకం వేసి, గ్లూకోమీటరుతో సరిచూసి, రోజూ అందరం తినే వంటలోనే ఎలా ఇమిడ్చుకోవచ్చో తేల్చుకోవాలన్నది ఈ డైరీ పని. తెనాలిలో మా ఇంట్లో ఐదుగురం. షుగర్ అత్తయ్యకు. అయినా ఇంట్లో వంట ఒకటే ఉండాలని ముందే అనుకున్నాం. ఆవిడకు వేరే గిన్నెలో చప్పటి కూర పెట్టి, పక్కనే మేం కమ్మగా తినడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అలాంటి పథ్యం ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం నిలవదు కూడా.

జూన్, మొదటి వారం

ముందుగా ఇప్పుడున్న పరిస్థితి. అత్తయ్యకు షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. షుగర్ మాత్రలు రెండు: మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, ఉదయం టిఫిన్‌కు ముందు గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, తెల్లవారగానే థైరాయిడ్ మాత్ర. మే నెలాఖరున చేయించిన హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. ఏడు దగ్గరకు తేవాలన్నారు డాక్టరు గారు. మందు పెంచే ముందు మూడు నెలలు తిండి సంగతి చూడమన్నారు.

మెంతుల గురించి అడిగితే ఆయన కొట్టిపారేయలేదు, అలాగని ఎగిరి గంతేయలేదు. మూడు మాటలు చెప్పారు. మాత్ర ఒక్కటి కూడా మానకూడదు. కొద్దిగా మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి మీటరు దగ్గరే ఉండాలి, 70 కన్నా తగ్గితే వెంటనే తీపి ఇవ్వాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, గర్భిణులూ తమ డాక్టరును అడగకుండా మెంతులు మోతాదుగా తినకూడదని కూడా అన్నారు. అత్తయ్యకు అవి వర్తించవు, కానీ ఈ డైరీ చదివే ఇంకొకరికి వర్తించవచ్చు కాబట్టి రాసిపెడుతున్నాను.

అదే వారం, మనం ఎంత తింటున్నాం?

వంటింటి త్రాసు తెచ్చాను, గ్రాముల్లో చూపించేది. అత్తయ్య చేతి కొలత ఎప్పుడూ తప్పదు, ఉప్పు కూడా చూడకుండానే వేస్తారు. అందుకే ఆవిడ రోజూ వేసే పోపు మెంతులనే చిన్న గిన్నెలో వేయించి తూచాను. ఐదుగురి పప్పుకు వేసే పోపులో రెండు గ్రాములు కూడా లేవు. మనిషికి అర గ్రాము లోపే. రెండు పూటలా పోపు పెట్టినా రోజుకు గ్రాము దాటదు.

మరి పరిశోధనల్లో వాడినదెంత? ఈ విషయంలో పాత పేరున్న పని మన హైదరాబాద్‌లోనే జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1990లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, ఇన్సులిన్ మీద ఉన్న టైప్ 1 రోగులకు నూనె తీసేసిన మెంతి పొడి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్న భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం ఇచ్చారు. పది రోజుల్లో పరగడుపు షుగర్ తగ్గింది. మూత్రంలో పోయే గ్లూకోజ్ 54 శాతం తగ్గింది. వంద గ్రాములంటే ఏ ఇంటి వంటకూ అందని లెక్క. కానీ 2015లో వచ్చిన మరో హైదరాబాద్ అధ్యయనం మనకు అందుబాటులో ఉంది. షుగర్ అంచున ఉన్న 140 మందిని మూడేళ్లు చూశారు. కొందరికి భోజనానికి ముందు ఐదేసి గ్రాముల మెంతి పొడి, రోజుకు రెండుసార్లు. మెంతులు తీసుకోనివాళ్లకు షుగర్ వ్యాధి వచ్చే అవకాశం తీసుకున్నవాళ్ల కన్నా నాలుగు రెట్లు ఎక్కువని తేలింది.

వాళ్లు ఇంకా అంచున ఉన్నవాళ్లు, అత్తయ్య ఆ అంచు ఎప్పుడో దాటారు. ఇలాంటి అధ్యయనాల్లో మనుషులు కూడా తక్కువే. కాబట్టి అంత ఫలితం మాకూ వస్తుందని రాసుకోలేదు. ఒకటి మాత్రం స్పష్టమైంది. పోపులో చిటికెడు రుచికి, సువాసనకు. షుగర్ కోసమైతే లెక్క ఐదు గ్రాముల నుంచి మొదలవుతుంది. అంటే నిండు చెంచాడు కన్నా కాస్త ఎక్కువ. ఐదు దగ్గర మొదలుపెట్టి, కడుపు ఒప్పుకుంటే పది దాకా వెళ్లాలన్నది మా లక్ష్యం.

జూన్, మూడో వారం: పరగడుపు నీళ్లు మానేశాం

మెంతులంటే ఎవరైనా ముందు చెప్పేది ఇదే: రాత్రి నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్లు తాగమని. అత్తయ్య కూడా ఏళ్ల తరబడి అప్పుడప్పుడూ తాగుతూనే ఉన్నారు. నీళ్లు తాగి గింజలు మొక్కకు పోసేవారు.

ఇక్కడ నాకు రెండు అభ్యంతరాలు. మొదటిది థైరాయిడ్ మాత్ర. దాన్ని ఖాళీ కడుపుతో వేసుకుని అరగంటో గంటో ఏమీ తినకుండా ఉండాలి, పీచు పదార్థం తోడైతే మాత్ర సరిగా ఒంటికి పట్టదు. తెల్లవారగానే మాత్ర, వెనకే మెంతి నీళ్లు అంటే ఒకదానికి ఒకటి అడ్డం.

రెండోది అసలు విషయం. మెంతులు నానితే వచ్చే జిగురే షుగర్ పనిలో ముఖ్యమైన సరుకు. నూరు గ్రాముల మెంతుల్లో దాదాపు సగం పీచే. అందులో గెలాక్టోమన్నన్ అనే కరిగే పీచు నీళ్లు పీల్చుకుని జిగురవుతుంది. అన్నంతో కలిసి కడుపులోకి వెళ్తే తిన్నదంతా చిక్కబడి నెమ్మదిగా కిందికి దిగుతుంది. పిండిపదార్థం కరిగి వచ్చే గ్లూకోజ్ ఒక్కసారిగా రక్తంలో పడకుండా మెల్లగా చేరుతుంది. మెంతుల్లో ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే ఒక అమైనో ఆమ్లం కూడా ఉందంటారు, కానీ వంటింట్లో నాకు పట్టుబడేది ఈ జిగురే. ఆ జిగురు పొద్దున ఆరింటికి ఖాళీ కడుపులో ఉండి, అన్నం మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తే రెండూ కలిసేదెప్పుడు? పైగా పీచులో ఎక్కువ భాగం మొక్కకు పోసిన గింజల్లోనే మిగిలిపోతుంది.

ఇదంతా అత్తయ్యకు చెబితే కాసేపు ఆలోచించి, "అయితే అన్నంలోకే రావాలంటావు. మరి చేదో?" అన్నారు. ఈ ప్రాజెక్టు మొత్తానికి అదే ప్రశ్న.

జూన్ చివర: పులుసు

ఇది అన్నిటికన్నా బాగా కుదిరింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మా వైపు దప్పళమైనా, ముక్కల పులుసైనా దించే ముందు చిక్కదనం కోసం బియ్యప్పిండో శనగపిండో నీళ్లలో కలిపి పోస్తాం. ఆ పిండి స్థానంలో మెంతి ముద్ద పోస్తే ఎలా ఉంటుందన్నది ఆలోచన. చిక్కదనానికి చిక్కదనం, పిండిపదార్థం కాస్త తగ్గుతుంది, మెంతులు సరిగ్గా అన్నంతోనే కడుపులోకి చేరతాయి.

మొదట మనిషికి ఐదు గ్రాముల చొప్పున పాతిక గ్రాములు రాత్రి నానబెట్టాను. పొద్దుటికి గింజలు ఉబ్బి, పైన పలచటి జిగురు పట్టి, చేత్తో తీస్తే తీగలా సాగుతున్నాయి. నానిన నీళ్లు పారబోయకుండా వాటితోనే మిక్సీలో వేశాను. ఈ ముద్ద మామూలు అల్లం ముద్దలా ఉండదు. తిరిగేకొద్దీ తెల్లగా నురగలా పొంగి బిగుసుకుపోతుంది. బ్లేడు కింద ఖాళీగా తిరుగుతుంటే పైన ముద్ద కదలదు. నాలుగైదుసార్లు నీళ్లు పోసి, గరిటెతో కిందికి తోసి మళ్లీ తిప్పాలి. తీరా దాన్ని మరుగుతున్న పులుసులో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. అందుకని ముందు చల్లటి చింతపండు రసంలో పలచగా కలిపి, సొరకాయ, ములక్కాడ, బెండకాయ ముక్కలు సగం ఉడికాక పోశాం. సన్న సెగ మీద పచ్చి వాసన పోయేదాకా పది నిమిషాలకు పైగా మరగాలి. మరిగాక పులుసు నున్నగా, గరిటె నుంచి దారంలా దిగేటంత చిక్కగా వచ్చింది.

రుచి? పాతిక గ్రాములతో పిల్లలిద్దరూ ఒక ముద్దతో ఆపేశారు. మామయ్య మాట్లాడకుండా మజ్జిగలోకి వెళ్లిపోయారు. అత్తయ్య మాత్రం పళ్లెం ఖాళీ చేసి, "చేదు వెనకాల వస్తోంది. ముందర పులుపు, కారం ఉన్నాయి గానీ వెనకాల పట్టుకునేది ఏదీ లేదు" అన్నారు. వంట తెలిసిన మనిషి మాట అది. ఆ వెనకాల పట్టుకునేదానికి మామూలుగా బెల్లం వేస్తాం, ఇక్కడ బెల్లం కుదరదు. ఉప్పు పెంచితే చేదు అణుగుతుంది, కానీ ఆవిడకు బీపీ కూడా ఉంది.

ఆవిడే దారి చూపించారు. వేయించిన నువ్వులు రెండు చెంచాలు పొడి కొట్టి కలపడం, ఉల్లిపాయలు ఎక్కువ వేసి బాగా మగ్గించడం, ముక్కల్లో తీపి గుమ్మడికాయ కొంచెమే వేయడం. నువ్వుల కమ్మదనం చేదును బాగా కప్పేసింది. మెంతులను పదిహేను గ్రాములకు, అంటే మనిషికి మూడు గ్రాములకు దించాం. ఆ పులుసు ఇప్పుడు పిల్లలు అడిగి వేయించుకుంటున్నారు. ఐదు గ్రాములు ఒకే వంటలో కుక్కడం కన్నా మూడు చోట్ల పంచడం మేలని ఇక్కడే తేలింది.

జూలై మొదట్లో: దోసెలు, మెంతికూర

ఈ రెండూ త్వరగా తేలిపోయాయి. దోసెల పిండిలో మెంతులు వేస్తాం కదా అని చాలామంది ధైర్యంగా దోసెలు తింటారు. మా పిండిలో మూడు గ్లాసుల బియ్యానికి, గ్లాసు మినపప్పుకు పడేది ఒక చెంచా మెంతులు. ఒక్కో దోసెకు ఎంత వస్తాయో తూచనక్కర్లేదు. తిన్న రెండు గంటలకు చూస్తే మెంతులు వేసిన దోసెకూ, వెయ్యని దోసెకూ తేడా కనబడలేదు, రెండుసార్లూ షుగర్ బాగానే ఎక్కింది. మెంతులు దోసెకు రంగు, కరకర ఇస్తాయి, ఇవ్వనీ. షుగర్ కోసమైతే పెసరట్టు మేలు. వారంలో ఎక్కువ రోజులు టిఫిన్ పెసరట్టుకు మార్చాం, అందులోనూ నానిన మెంతులు కొన్ని వేస్తున్నాం.

మెంతికూర మంచి ఆకుకూర, మెంతికూర పప్పు మా ఇంట్లో అందరికీ ఇష్టం. కానీ ఆకులో ఎక్కువ భాగం నీళ్లే, గింజలో ఉండే జిగురు దానిలో ఉండదు. దాన్ని ఆకుకూరల లెక్కలోనే వేశాను, మెంతుల గ్రాముల్లో కలపలేదు. ఆవకాయలో మెంతులను కూడా కలపలేదు, ఆ గింజలతో పాటు వచ్చే ఉప్పు, నూనె ఎక్కువ.

జూలై: మెంతి పొడి

వేయించడం దగ్గర అత్తయ్య ఎవరినీ రానివ్వలేదు. ఇనప మూకుడు, నూనె లేకుండా, సన్న సెగ. మొదట పచ్చి వాసన. తర్వాత గింజలు ఒకటీ అరా చిటపటమంటాయి, లేత పసుపు కాస్తా బంగారు రంగుకు తిరుగుతుంది, వాసన ఒక్కసారిగా కమ్మగా మారుతుంది. సరిగ్గా అప్పుడే దించి పళ్లెంలో పరిచేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే ఎర్రబడిపోతాయి, ఎర్రబడితే చేదు విషమే.

వంద గ్రాముల మెంతులకు మినపప్పు, శనగపప్పు చెరి అరవై గ్రాములు, ధనియాలు నలభై, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కొంచెం చింతపండు. మొత్తంలో మూడో వంతు మెంతులే ఉన్నాయి కాబట్టి రెండు చెంచాలు వేసుకుంటే రెండు గ్రాముల మెంతులు. పెసరట్టు మీద చల్లుకోవడానికి బాగుంది. దొండకాయ, కాకరకాయ వేపుళ్లలో దించే ముందు వేస్తే ఇంకా బాగుంది. కాకరకాయకు అది ఎంత నప్పుతుందో ఇంతకు ముందు నాకు తెలియదు, రెండు చేదులు కలిస్తే ఒకటే చేదు అవుతోంది.

జూలై చివర: మర దగ్గర

రాత్రి మా ఇంట్లో చపాతీలు. కిలో గోధుమలకు వంద గ్రాముల మెంతులు కలిపి ఆడిస్తే, ఒక్కో చపాతీకి ముప్ఫై గ్రాముల పిండి అనుకుంటే రెండు చపాతీల్లో ఐదు గ్రాముల మెంతులు వచ్చేస్తాయి. కాగితం మీద ఇంతకన్నా తేలికైన దారి లేదు.

మర ఆడించే ఆయన మొదట కుదరదన్నాడు. మెంతులు పోసి ఆడిస్తే ఆ వాసన మరను వదలదట, తర్వాత వచ్చేవాళ్ల పిండి అంతా మెంతి కంపు కొడుతుందని పోట్లాటకొస్తారట. ఆయన బాధ న్యాయమైనదే. చివరికి సాయంత్రం మర కట్టే ముందు తెమ్మన్నాడు, మా తర్వాత ఆయన కాసిని నూకలు పోసి మర శుభ్రం చేసుకుంటాడు. వాళ్లావిడకు కూడా షుగరట. రెండోసారి వెళ్లినప్పుడు, "అమ్మా, ఇందులో ఎంత కలుపుతున్నారో ఒకసారి చెప్పండి" అని అడిగి రాయించుకున్నాడు. డాక్టరు గారు మాకు చెప్పిన జాగ్రత్తలు కూడా ఆ కాగితం వెనక రాసిచ్చాను.

ఈ పిండి మామూలు పిండిలా కలవదు. జిగురు నీళ్లు పీల్చేస్తుంది, మెత్తగా కలిపినా కాసేపటికి గట్టిపడుతుంది. నీళ్లు కాస్త ఎక్కువ పోసి, రెండు చెంచాల పుల్ల పెరుగు, వాము వేసి, అరగంట నాననిస్తే చపాతీ మెత్తగా వస్తోంది. పెరుగు పులుపు చేదును చాలా వరకు మింగేస్తుంది. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే చేదు తెలుస్తుంది. పిల్లలకు మాత్రం సగం ఈ పిండి, సగం మామూలు పిండి.

ఆగస్టు మొదట్లో: అన్నం పరీక్ష

నా దృష్టిలో ఈ డైరీలో ముఖ్యమైన పేజీ ఇది.

గ్లూకోమీటరు అంకెను చూసి టెన్షన్ పడేవాళ్లు, సంబరపడేవాళ్లు ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఇంట్లో వాడే మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన 15 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది. ల్యాబులో 180 ఉన్నది మీటరులో 153 చూపించవచ్చు, 207 చూపించవచ్చు. అందుకని ఒకరోజు మెంతి పులుసు తిని, "ఇరవై తగ్గింది" అనుకుంటే అది మెంతులు తగ్గించినదో, మీటరు తేడానో చెప్పలేం. కొన్ని రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి.

అందుకే మధ్యాహ్న భోజనం ఒక్కటే తీసుకున్నాం. వండిన అన్నం 150 గ్రాములు తూచి, అదే కందిపప్పు, అదే కూర, అదే వేళకు. ఒకరోజు మెంతి ముద్దతో పులుసు, ఇంకోరోజు మామూలు పులుసు. తినడం మొదలుపెట్టిన దగ్గర నుంచి రెండు గంటలకు మీటరు. ఈ మధ్యలో పండు లేదు, కాఫీ లేదు. అత్తయ్య వేలికి ఇన్ని పోట్లు పొడవడం నాకు కష్టంగానే అనిపించింది. ఆవిడే, "పొడువమ్మాయ్, తెలుసుకుంటే మంచిదేగా" అంటూ వేలి కొస కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువని నాకు నేర్పారు.

మామూలు పులుసు రోజుల్లో 200 నుంచి 215 మధ్య వచ్చాయి. మెంతి పులుసు రోజుల్లో ఎక్కువగా 180, 195 మధ్య. ఒకరోజు మెంతులు తిన్నా 208 వచ్చింది, ముందు రాత్రి ఆవిడకు సరిగా నిద్ర లేదు. మొత్తం మీద తేడా ఉంది, కానీ చిన్నది.

తర్వాత మెంతులను పక్కనపెట్టి ఇంకో లెక్క చూశాం. ఈ పనికి ముందు ఆవిడ తినే అన్నం ఎంత? తూస్తే 200 గ్రాముల పైమాటే. ఆ అన్నానికి, 150 గ్రాముల అన్నానికి మధ్య తేడా, మెంతులు ఉన్నప్పటికీ లేనప్పటికీ మధ్య తేడా కన్నా పెద్దది. రాత్రి చపాతీ తిన్నాక వీధి చివరిదాకా పావుగంట నడిస్తే వచ్చిన తేడా కూడా మెంతులకు ఏమాత్రం తీసిపోలేదు. మెంతుల మీద ఇంత శ్రమ పడుతున్నదాన్ని నేనే ఈ మాట రాస్తున్నాను: అన్నం గిన్నె చిన్నదైన తర్వాతే మెంతులకు పని చేసే చోటు దొరుకుతుంది. రెండు హస్తాల అన్నం తిని దాని మీద చెంచాడు మెంతులు మింగితే ఆ మెంతులు ఏం చేస్తాయి?

శ్రావణ శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం రోజు. అత్తయ్య అలవాటు ప్రకారం ఉదయం గ్లిమిపిరైడ్ వేసుకున్నారు. ఆ మాత్ర వెనక టిఫిన్ ఉండాలి. కానీ పూజ అయ్యేదాకా ఏమీ తినకూడదని ఆవిడ పట్టు, ముత్తైదువలు వచ్చేసరికి పూజ ఆలస్యమైంది. తోరం కట్టించుకుంటుండగా చెయ్యి వణకడం చూశాను. నుదుటన చెమట, మాట తడబడుతోంది. మీటరు 66 చూపించింది.

మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 88. ఆ తర్వాత పెసరపప్పు కలిపిన అన్నం పెట్టాం. ఇలాంటప్పుడు పూర్ణం బూరెలో, నెయ్యి వేసిన ప్రసాదమో పెడితే అందులోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. వెంటనే కరిగే పంచదారో గ్లూకోజో ఇవ్వాలి.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఇందులో మెంతుల పాత్ర కన్నా తిండి లేకుండా మాత్ర వేసుకోవడమే ప్రధానమన్నారు. అయితే తిండి మారింది, అన్నం తగ్గింది, నడక పెరిగింది కాబట్టి పాత మోతాదు ఇప్పుడు ఎక్కువ కావచ్చని గ్లిమిపిరైడ్‌ను 1 మిల్లీగ్రాముకు తగ్గించారు. ఉపవాసం ఉండే రోజు మాత్ర సంగతి ముందే అడగమన్నారు. మెంతులో, కాకరకాయో, ఇంకేదో తింటూ తిండి తగ్గించే ప్రతివాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. షుగర్ తగ్గడం మొదలైతే మందు మోతాదు మళ్లీ చూపించుకోవాలి, మనంతట మనం తగ్గించుకోకూడదు, పాత మోతాదు మీదే ఉండిపోనూ కూడదు.

ఆగస్టు చివర: కడుపు, వాసన

చపాతీ, పులుసు, మజ్జిగ, పొడి అన్నీ కలిపితే రోజుకు పది గ్రాములకు చేరాం. అక్కడ అత్తయ్య కడుపు ఒప్పుకోలేదు. ఉబ్బరం, రెండు రోజులు విరేచనం పలచగా అయింది. రాత్రి రెండు మెంతి చపాతీల్లో ఒకటి తీసేసి పెసరపప్పు, కూర పెంచితే సర్దుకుంది. ఇప్పుడు రోజుకు ఏడెనిమిది గ్రాముల దగ్గర హాయిగా ఉన్నారు. మంచినీళ్లు ఎక్కువ తాగాలి, పీచు పెరిగినప్పుడు నీళ్లు తగ్గితే మలబద్ధకం పట్టుకుంటుంది.

ఇంకొకటి: ఒంటి చెమటకు, మూత్రానికి తియ్యటి మెంతి వాసన వస్తుంది. మామయ్య కంగారుపడి షుగర్ పెరిగిందేమోనని అడిగారు. మెంతుల్లోని సోటోలోన్ అనే పదార్థం అలా బయటికి వచ్చేస్తుంది, దాని వల్ల హాని లేదు.

మొలకలు కూడా ఈ నెలలోనే కుదిరాయి. పూటంతా నానిన మెంతులు తడి గుడ్డలో కట్టి ఉంచితే రెండు రోజులకు చిన్న తోకలు వస్తాయి, చేదు బాగా తగ్గుతుంది. కీరదోస, ఉల్లిపాయ, నిమ్మరసంతో కలిపి అన్నానికి ముందు రెండు చెంచాలు తింటున్నారు. వేసవిలో గుడ్డ పులిసిన వాసన వేస్తే ఆ మొలకలు పారేయాలి.

సెప్టెంబరు

హెచ్‌బీఏ1సీ 7.4. గ్లిమిపిరైడ్ సగమైన తర్వాత వచ్చిన అంకె ఇది. పరగడుపు షుగర్ ఎక్కువ రోజులు 120, 135 మధ్య ఉంటోంది, ఇంతకు ముందు 150 దాటేది. బరువు కొద్దిగా తగ్గారు.

ఇందులో మెంతుల వాటా ఎంత అని డాక్టరు గారిని అడిగాను. విడదీసి చెప్పలేమన్నారు. అన్నం, నడక, టిఫిన్ మార్పు, మెంతులు అన్నీ ఒకేసారి నడిచాయి. నా అన్నం పరీక్షను బట్టి నేను అనుకునేది ఇది: పెద్ద పని అన్నం తగ్గడమే చేసింది, మెంతులు తోడు నిలిచాయి. తగ్గిన అన్నంతో అత్తయ్యకు కడుపు నిండినట్టు అనిపించడానికి కూడా ఆ చిక్కటి పులుసే కారణమని ఆవిడే చెబుతున్నారు. ఇదివరకు నాలుగున్నరకే ఆకలేసి బిస్కట్లు వెతికేవారు. ఇప్పుడు ఆ డబ్బా పిల్లలదే.

ఇప్పుడు వారం ఇలా నడుస్తోంది. పొద్దున మెంతి పొడితో పెసరట్టు, వారానికో రోజు ఇడ్లీ, ఉప్మా. మధ్యాహ్నం మూడు నాలుగు రోజులు మెంతి ముద్ద వేసిన పులుసో, దప్పళమో. పప్పుచారు రోజున మొలకలు, మజ్జిగ పులుసు రోజున ముద్ద అందులోనే. చివర్లో మజ్జిగ, అందులో నేతిలో వేగిన మెంతులు, మిరపకాయల పోపు. రాత్రి ఒక మెంతి చపాతీ, ఒక జొన్న రొట్టె. నానబెట్టి రుబ్బిన ముద్ద ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచడం లేదు. ప్రయాణాలకు, పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు మెంతుల గురించి ఆలోచించం. అన్నం గరిట దగ్గర మాత్రం ఆలోచిస్తాం.

తర్వాతి హెచ్‌బీఏ1సీ డిసెంబరులో, దానితో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కొలెస్టరాల్ కూడా చూస్తామన్నారు. ఈలోగా కార్తీక మాసం వస్తుంది. అత్తయ్య సోమవారాలు ఉపవాసం ఉంటారు, ఏ పూట ఏ మాత్ర మానాలో, ఏది వేసుకోవాలో ఈ నెలలోనే వెళ్లి రాయించుకోవాలి. మర దగ్గర ఈసారి రెండు కిలోలు ఆడించాలి, మా ఆడపడుచు గుంటూరు నుంచి ఒక కిలో తనకూ కావాలంది. ఆవిడకు షుగర్ అంచున ఉందని పోయిన నెలే తెలిసింది.